బేడీలు విన్న పాఠం

ముందుగా ఒక మాట. నా రాతలో తప్పులుంటే మన్నించండి. తల నెరిసిన తరవాత బలపం పట్టినదాన్ని. ఒత్తులూ దీర్ఘాలూ ఇప్పటికీ నేను పెట్టిన చోట నిలబడవు. మీరు ఒక్క చూపులో చదివేసే ముక్క రాయడానికి నాకు ఒక పూట పడుతుంది. అయినా ఈ సంగతి ఎవరో ఒకరు రాయాలి కదా. రాయడం బాగా వచ్చినవాళ్ళెవరూ రాయలేదు, అందుకని నేనే కూర్చున్నాను. చెప్పేది మాత్రం నేను కాదు, ఒక జత బేడీలు. నేను లేని చోట్ల కూడా అవి ఉన్నాయి, అందుకే వాటి నోటితో చెప్పించాను.

నేను ఒక జత బేడీలను. రెండు ఉక్కు కడియాలు, వాటి మధ్య జానెడు కూడా లేని గొలుసు, ఒక చిన్న తాళంచెవి, ఇదీ నా ఒళ్ళంతా. నేను పుట్టింది అలీగఢ్‌లో. ఆ ఊళ్ళో ఇంటింటా తాళాలు చేస్తారు. నన్ను కోసిన ఉక్కు రేకులోంచే బీరువా తాళాలు, సైకిలు తాళాలు, హుండీ తాళాలు కూడా కోశారు. వాళ్ళంతా నా అన్నదమ్ములు. వాళ్ళను సొమ్ము కాపాడటానికి కొన్నారు. నన్నెందుకు కొన్నారో అప్పట్లో నాకు తెలియదు. నున్నగా పాలిష్ చేసి నూనె కాగితంలో చుట్టినప్పుడు మాత్రం, ఏ మారాజు చేతికో తొడుగుతారని ఆశపడ్డాను.

ఆ కాగితం విప్పింది రాయలసీమలో గుండ్లచెర్ల అనే ఊరి పోలీసు స్టేషన్లో. విప్పి, లాఠీల పక్కన మేకుకు తగిలించారు. మొదటిసారి నన్ను వేసింది కోళ్ళు దొంగిలించినవాడి చేతికి. వాడు నన్ను చూసి ఏడ్చాడు. నేనూ ఏడ్చేదాన్నే, ఉక్కుకు ఆ సౌకర్యం లేదు.

మణికట్టు దగ్గర బతికేదాన్ని కాబట్టి మనుషుల గురించి నాకొక సంగతి తెలిసింది. నోరు ఎన్ని చెప్పినా నాడి దాచలేదు. "నాకేం భయం" అని మీసం దువ్విన వాడి నాడి నా కింద కప్పలాగా ఎగిరేది. పట్టుకున్న పోలీసుల నాడి కూడా నాకు తెలుసు. ఎందుకంటే గుండ్లచెర్లలో ఉన్నది ఒక్కటే జీపు, అది పెద్దసారు తిరగడానికే చాలేది కాదు. ముద్దాయిలను కోర్టుకు తీసుకుపోవాలంటే ఆర్టీసీ బస్సే గతి. బస్సులో ముద్దాయి దూకిపారిపోకుండా నా ఒక కడియం అతని చేతికి, రెండో కడియం పోలీసు చేతికి వేసేవారు. అలా ఇద్దరూ ఒకే సీట్లో, ఒకే గొలుసుకు, వియ్యంకుల్లాగా కూర్చుని పోయేవారు. ఒకసారి పక్క సీట్లో ముసలమ్మ చాలాసేపు చూసి, "ఇద్దరికీ వేసినారే, ఇద్దరూ దొంగలేనా నాయనా?" అని అడిగింది. బస్సంతా నవ్వింది. పోలీసాయన కిటికీ లోంచి బయటికి చూశాడు.

ఇంకో ఆచారం కూడా ఉండేది. కోర్టు హాలు గుమ్మం దాకా నన్ను వేసి ఉంచేవారు. గుమ్మం దగ్గర గబుక్కున తాళం తీసి జేబులో వేసుకునేవారు. ముద్దాయి మేజిస్ట్రేటు ముందు ఖాళీ చేతులతో నిలబడేవాడు. బయటికి రాగానే మళ్ళీ వేసేవారు. అందువల్ల ఎన్నేళ్ళు కోర్టుకు తిరిగినా నేను ఏ మేజిస్ట్రేటునూ చూడలేదు, ఏ మేజిస్ట్రేటూ నన్ను చూడలేదు.

నన్ను ఎక్కువ కాలం వాడినవాడు కానిస్టేబులు ఓబులేసు. పొడగరి, కాస్త బొజ్జ, ఒక మోకాలు అప్పుడప్పుడూ ఉన్నట్టుండి పట్టేసేది. మంచివాడు, పిరికివాడు. ఈ రెండూ ఒకే ఒంట్లో ఉండటం పోలీసుల్లో అరుదేమీ కాదు. హెడ్ కానిస్టేబులు కావాలన్నది అతని కోరిక. దానికి శాఖ పెట్టే పరీక్ష పాసవ్వాలి. ఓబులేసు అప్పటికే రెండుసార్లు రాశాడు. కవాతులో ఎవరూ అతని ముందు నిలవలేదు. చట్టం పేపరులోనే రెండుసార్లూ పోయింది. అరెస్టు ఎలా చేయాలి, అరెస్టయిన మనిషికి రాజ్యాంగం ఏ హక్కులిచ్చింది, సోదాకు ఏం పాటించాలి, అవన్నీ ఆ పేపరులో అడుగుతారు. "ఇన్నేళ్ళుగా చేస్తాండే పని, రాయమంటే మాత్రం చేయి రాదు," అని తనమీద తనే విసుక్కునేవాడు.

చదువుకోవడానికి అతనికి ఖాళీ ఎక్కడిది? స్టేషన్లో ఉంటే ఎవరో ఒకరు పిలుస్తారు. ఇంట్లో ఉంటే ఇద్దరు పిల్లలు మీద పడి ఆడతారు. అందుకని పరీక్ష పుస్తకానికి వార్తాపత్రిక అట్ట వేసుకుని బస్సులో తెచ్చుకునేవాడు. అక్కడే నాకు చదువు అబ్బింది.

ఆ ఏడాది అతను మాటిమాటికీ తీసుకుపోవాల్సి వచ్చిన ముద్దాయి పేరు చౌడప్ప. బండల గనిలో ఉలి పనివాడు, ముప్పై దాటిన మనిషి, మాట తక్కువ. గనిలో డీజిలు ఇంజను ఎవరో ఎత్తుకుపోయారు. ఆ రాత్రి గనిలోనే పడుకున్నది చౌడప్ప. ఇంకేం, కేసు పెట్టారు. గనులు మారినప్పుడల్లా ఊళ్ళు మారేవాడు కాబట్టి, ఇల్లూ వాకిలీ లేనివాడు, వదిలితే పారిపోతాడని జామీను ఇవ్వలేదు. గుండ్లచెర్ల సబ్ జైల్లో ఉంచి, వాయిదా వాయిదాకూ తిప్పనపురం కోర్టుకు బస్సులో తీసుకుపోయి తెచ్చేవారు.

చౌడప్ప కుడిచేయీ ఓబులేసు ఎడమచేయీ నాలో ఉండేవి. ఓబులేసు కుడిచేత్తో పుస్తకం పట్టుకునేవాడు. పేజీ తిప్పాలంటే ఎడమచేయి లేపాలి. అది లేస్తే గొలుసు లాగి చౌడప్ప చేయి కూడా లేచేది. మొదట్లో ఇద్దరికీ ఇబ్బందిగా ఉండేది. కొన్ని వాయిదాలు గడిచేసరికి చౌడప్పే తిప్పడం మొదలుపెట్టాడు. ఓబులేసు పేజీ చివరికి రాగానే గొంతు సవరించుకునేవాడు, చౌడప్ప ఉలి పట్టి కాయలు కాచిన వేలితో పేజీ తిప్పేవాడు. ముద్దాయిల హక్కులున్న పుస్తకాన్ని పోలీసు చదువుతుంటే, బేడీ వేసిన చేయి పేజీలు తిప్పుతూ ఉండేది. మనుషులు ఇలాంటివి చేస్తూ కూడా నవ్వుకోకుండా ఎలా ఉంటారో నాకు అర్థం కాదు.

ఓబులేసుకు చదివింది రోజూ ఇంట్లో భార్యకు ఒప్పజెప్పే అలవాటుండేది. ఆమె పేరు సుంకమ్మ. చదువు రానిది. వేరుశనక్కాయలు ఒలుస్తూనో, చారుకు తిరగమాత పెడుతూనో వినేది. వాయిదా నుంచి పొద్దుపోయి వస్తే నన్ను ఇంటికే తెచ్చేవాడు. ఒకనాడు అతను వసారాలో కూర్చుని, పక్కన నన్ను పెట్టుకుని ఒప్పజెబుతున్నాడు. అరెస్టు చేసిన మనిషికి ఎందుకు చేశారో చెప్పాలి. ఇరవైనాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. తనమీద తనే సాక్ష్యం చెప్పమని ఎవరినీ బలవంతపెట్టకూడదు. వకీలును పెట్టుకునే హక్కుంది, పేదవాడైతే సర్కారే పెట్టాలి. అంతా విని సుంకమ్మ అడిగింది.

"ఇదంతా నీ పక్కన కూర్చునేటోనికి తెల్సునా?"

"వానికెందుకు? పరీక్ష నాకు కదా."

"హక్కులు వానివంటివే?"

ఓబులేసు వేరుశనక్కాయ నోట్లో వేసుకున్నాడు. కానీ తరవాతి వాయిదాకు బస్సెక్కాక, పెదాలు కదిలిస్తూ చదివేవాడల్లా గొంతెత్తి చదవడం మొదలుపెట్టాడు. గుర్తుండటానికి అని చౌడప్పతో చెప్పాడు. చౌడప్ప తల ఊపాడు. ముందు సీటువాళ్ళు కూడా చెవులొగ్గేవారు. టమోటాలు అమ్ముకోవడానికి పోయే ఒకాయన, "పోలీసుల పుస్తకంలో ఇంత మంచి ఉండాదా?" అని ఆశ్చర్యపోయాడు.

ఆ చదువు ఊరికే పోలేదు. ఆ వాయిదాలోనే చౌడప్ప మేజిస్ట్రేటు ముందు చేతులు జోడించి, నాకు వకీలు లేడు, పెట్టుకునే తాహతు లేదు, సర్కారు పెట్టాలంట కదమ్మా అని అడిగాడు. అడిగింది న్యాయమే కాబట్టి కోర్టు ఒక కుర్ర వకీలును పెట్టింది. తిరుగు బస్సులో ఓబులేసు నాడి, బిడ్డ మొదటిసారి నడిచినప్పుడు తండ్రి నాడి కొట్టుకున్నట్టు కొట్టుకుంది.

ఇక ఆ పేజీ గురించి చెప్పాలి.

ఒక వాయిదా పొద్దున, బస్సు మామిళ్ళ దొరువు దాటాక, పుస్తకంలో నా పేరు వచ్చింది. నా జన్మలో నా గురించి నేను విన్న మొదటి చదువు అది. విచారణలో ఉన్న మనిషికి బేడీలు అలవాటుగా వేయకూడదని పెద్ద కోర్టు చెప్పిందట. పారిపోతాడనో, దాడి చేస్తాడనో గట్టి కారణం ఉండాలట. ఆ కారణం మేజిస్ట్రేటుకు చెప్పి, అనుమతి తీసుకున్నాకే వేయాలట. ఓబులేసు గొంతు ఆ పేరా మధ్యలో సన్నబడి, చివరికొచ్చేసరికి లోపలికి పోయింది. పేజీ అయిపోయింది. గొంతు సవరించుకున్నాడు. చౌడప్ప చేయి కదలలేదు.

"తిప్పు," అన్నాడు ఓబులేసు.

"ఒక్క నిమిషం సార్. నేనింకా చదవల్యా."

చౌడప్ప ఏడో తరగతి దాకా చదివినవాడు. వేలు పెట్టుకుని, ఒక్కొక్క మాటా కూడబలుక్కుంటూ ఆ పేరా అంతా చదివాడు. చదివాక నా వైపు చూశాడు. కోపంగా చూసి ఉంటే నాకు బాధుండేది కాదు. పెళ్ళిలో చుట్టరికం తెలియని మనిషిని చూసినట్టు చూశాడు.

"అది పరీక్షకు," అన్నాడు ఓబులేసు. "బస్సుకు కాదు."

చౌడప్ప పేజీ తిప్పాడు. బస్సు తిప్పనపురం చేరింది. గుమ్మం దగ్గర ఓబులేసు నన్ను తీసి జేబులో వేసుకున్నాడు, ఎప్పటిలాగే.

ఆ సాయంత్రం ఈ సంగతి అతను భార్యకు చెప్పాడు. పరీక్షలో ఈ ప్రశ్న వస్తే ఏమని రాస్తావని ఆమె అడిగింది. వేయకూడదని రాస్తానన్నాడు. మరి వేస్తున్నావే అంది. అప్పుడతను నరసింహులు సంగతి ఎత్తాడు. నరసింహులు అదే స్టేషన్లో కానిస్టేబులు. దయతలచి బస్టాండులో ముద్దాయికి బేడీ తీశాడు, వాడు జనంలో కలిసిపోయాడు. నరసింహులును పనిలోంచి తీసేశారు. ఇప్పుడు అదే బస్టాండులో టీ బంకు పెట్టుకుని, పాత స్నేహితులు వస్తే ముఖం తిప్పుకుంటాడు. ముద్దాయి పారిపోతే అడిగేది పోలీసునే. బేడీ వేసినందుకు ఇంతవరకు ఎవరినీ ఎవరూ అడగలేదు. "రాసేది మార్కులకు, వేసేది ఉద్యోగానికి," అన్నాడు ఓబులేసు.

సుంకమ్మ చేటలో శనగలు చెరుగుతూ అంది, "అట్లయితే నీకు చదువు వచ్చినా, నాకు రాకపోయినా, ఒకటే."

ఆ మాట అతనికి నాకంటే గట్టిగా బిగుసుకుంది. ఎందుకు చెప్పగలనంటే, తరవాతి వాయిదాకు కోర్టు గుమ్మం దగ్గర అతని చేయి తాళంచెవి మీదికి పోయి ఆగింది. చౌడప్ప అలవాటుగా చేయి చాపి నిలబడి ఉన్నాడు. ఓబులేసు తాళం తీయలేదు. అతన్ని వెంటబెట్టుకుని, నన్ను ఇద్దరి చేతులకూ ఉంచుకుని, హాల్లోకి నడిచాడు.

గొలుసు చప్పుడుకు హాలంతా తలెత్తింది. బెంచి క్లర్కు కళ్ళజోడు సవరించుకున్నాడు. సర్కారు వకీలు, తియ్యి తియ్యి అని సైగ చేశాడు. మేజిస్ట్రేటు నడివయసు ఆమె, నెమ్మదిగా మాట్లాడే మనిషి. ఇదేమిటని అడిగింది. ఓబులేసు ఖాళీగా ఉన్న కుడిచేత్తో సెల్యూట్ కొట్టాడు.

"బేడీలమ్మా. బయట ఎప్పుడూ వేస్తానే ఉండాం. వేసే ముందర మిమ్మల్ని అడగాలని పుస్తకంలో ఉండాది. ఇన్నాళ్ళూ అడగల్యా. ఇప్పుడు అడుగుతాండా."

ఈ మనిషి ఎప్పుడైనా పారిపోవడానికి చూశాడా అని ఆమె అడిగింది. లేదమ్మా అన్నాడు. ఎవరినైనా కొట్టాడా? లేదు. మరి కారణం ఏమని రాసుకోవాలి?

"నా భయమే కారణమమ్మా. వీడు పోతే నా ఉద్యోగం పోతుంది."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె నవ్వలేదు.

"భయం మీది. బేడీ ఆయనకా?"

ఇంతే అడిగి, అనుమతి లేదని రాసింది. ఇకమీదట ఈ ముద్దాయిని బేడీలు లేకుండా తీసుకురావాలని ఆజ్ఞ ఇచ్చింది. అక్కడే, అందరి ముందూ, ఓబులేసు తాళం తీశాడు. నేను మొట్టమొదటిసారి ఒక మేజిస్ట్రేటును చూసిన రోజు అది. చౌడప్ప చేతి నుంచి నన్ను తీసేసిన రోజు కూడా అదే. రెండూ ఒకే రోజు జరగడం నాకు గర్వంగానే అనిపించింది.

స్టేషన్లో మాత్రం ఎవరూ గర్వపడలేదు. పెద్దసారు, కోర్టులో కవిత్వం చెప్పి వచ్చినావంట, వాడు పారిపోయిన రోజు నీకూ ఒక బంకు చూసిపెడతాలే అన్నాడు. వాయిదాలకు వేరేవాళ్ళను పంపమని ఓబులేసు అడిగితే, ఆజ్ఞ తెచ్చుకున్నవాడివి నువ్వే, నువ్వే పో అన్నాడు. పరీక్ష ఇంకో నెలలో ఉంది. ఏ మచ్చ పడినా పరీక్షకు కూర్చోనివ్వరు.

ఆ తరవాతి వాయిదాకు ఎవరో మంత్రి వస్తున్నాడని స్టేషన్లో అందరూ బందోబస్తుకు పోయారు. ఓబులేసు ఒక్కడే చౌడప్పను తీసుకుని బస్సెక్కాడు. నన్ను ఒక గుడ్డసంచిలో, కోర్టు కాగితాలతో, సుంకమ్మ కట్టిన రొట్టెల మూటతో పాటు పడేశాడు. తాళంచెవి అతని చొక్కా జేబులో ఉంది. ఖాళీ చేతులతో కూర్చోవడం ఇద్దరికీ కొత్త. ఎవరి చేయి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఇద్దరూ చేతులు కట్టుకున్నారు.

సగం దారిలో, వంక దాటి ఎక్కుడు మొదలయ్యే చోట బస్సు ఆగిపోయింది. మగవాళ్ళంతా దిగి తోయమన్నాడు డ్రైవరు. ఓబులేసు దిగాడు. చౌడప్ప కూడా దిగాడు. పోలీసూ ముద్దాయీ భుజం భుజం కలిపి బస్సు వెనక ఆనించారు. బస్సు దగ్గి, మూలిగి, ఒక్కసారిగా అందుకుంది. నిలిపితే మళ్ళీ ఆగిపోతుందని డ్రైవరు నిలపలేదు. జనం పరుగెత్తి ఒక్కొక్కరే ఎక్కారు. చౌడప్ప ఎక్కాడు. ఓబులేసు మోకాలు సరిగ్గా అప్పుడే పట్టేసింది. రోడ్డుమీద కూలబడ్డాడు.

చౌడప్ప కండక్టరు దగ్గరికి పోయి, పోలీసు సార్ కింద ఉండిపోయినాడు, ఆపండన్నాడు.

"ఆపితే మళ్ళా నువ్వొక్కనివే తోస్తావా?" అన్నాడు డ్రైవరు వెనక్కి తిరక్కుండానే. "ఎనకాల ఏదో ఒక బండి ఎక్కి వస్తాడులే."

చౌడప్ప వచ్చి సీట్లో కూర్చుని, నేనున్న సంచి ఒళ్ళోకి తీసుకున్నాడు. రెండు చేతులూ దానిమీద పెట్టాడు. గుడ్డలోంచి అతని నాడి నాకు తెలుస్తోంది. బండలు కొట్టేటప్పుడు సమ్మెట పడినట్టు పడుతోంది. ఇంకాస్త దూరం పోతే మూడు దార్ల మలుపు. అక్కడ పడమటి దారి పడితే గనులు, గనుల మీదుగా పక్క రాష్ట్రం. ఉలి పట్టగలిగినవాడిని అక్కడ పేరు కూడా అడగరు. మలుపులో బస్సు ఇంజను ఆపకుండా నిలబడింది. చౌడప్ప లేచాడు. సంచితో సహా వాకిలి దాకా పోయి, మెట్టుమీద నిలబడ్డాడు.

"దిగుతావా, ల్యాదా?" అన్నాడు కండక్టరు.

చౌడప్ప ఆ పడమటి దారి చివరిదాకా చూశాడు. తరవాత లోపలికి వచ్చి కూర్చున్నాడు. ఎందుకు వచ్చాడో నాకు తెలియదు. అప్పుడు అతని చేతిమీద నేను లేను. ఎవరూ లేరు. ఆ సంగతి మాత్రం నాకు తెలుసు.

తిప్పనపురంలో దిగి, నడుచుకుంటూ కోర్టుకు పోయి, వరండాలో కిటికీ కింద కూర్చున్నాడు. కోర్టు డ్యూటీ కానిస్టేబులు వచ్చి, నిన్ను తెచ్చినాయన ఏడిరా అన్నాడు. టీకి పోయినాడు సార్ అన్నాడు చౌడప్ప. చేతులు ఖాళీగా వదిలేసి టీకి పోయినాడా, ఉండు క్లర్కుకు చెబుతా అంటూ ఆ కానిస్టేబులు లోపలికి పోయాడు. ముద్దాయి ఒంటరిగా దొరికాడని కాగితం మీద పడితే ఓబులేసు గతి ఏమవుతుందో ఇన్ని వాయిదాల బస్సు ప్రయాణాల్లో అతనికి తెలియనిది కాదు. గబగబా సంచిలోంచి నన్ను తీశాడు. ఒక కడియం తన చేతికి, ఇంకోటి కిటికీ ఊచకు పెట్టి, నొక్కాడు.

ఎన్నో చేతులకు పడ్డాను నేను. తనంతట తాను వచ్చి నాలో దూరిన చేయి అదొక్కటే.

క్లర్కు వచ్చి చూశాడు. "బాగానే కట్టేసి పోయినాడు కదయ్యా, ఊరికే నన్ను లేపినావు," అని కానిస్టేబులును తిట్టాడు. "అయినా ఈ ఓబులేసుకు బుద్ధి రాదు. వద్దని అమ్మగారు రాసినా మళ్ళా వేసినాడు," అని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

ఓబులేసు వచ్చేసరికి చాలా పొద్దెక్కింది. టమోటాల లారీ ఎక్కి వచ్చాడు. చొక్కా నిండా దుమ్ము, టమోటా రసం. బస్టాండంతా వెతికాడట. నరసింహులు బంకు కళ్ళముందు కనిపిస్తూనే ఉందట. వరండా మలుపు తిరిగి, కిటికీ కింద కూర్చున్న మనిషిని చూసి, గోడకు చేయి ఆనించి నిలబడిపోయాడు. ఆ తరవాత నన్ను చూశాడు.

"ఎవరు వేసినారు నీకు?"

"నేనే సార్. అడిగినారు. నువ్వు టీకి పోయినావని చెప్పినా. టీ తాగొచ్చినట్టే ఉండు."

ఓబులేసు తాళం తీయబోతే చెవి రంధ్రంలోకి పోవడం లేదు. చౌడప్పే రెండో చేత్తో పట్టుకుని తిప్పుకున్నాడు.

"పోలేదేమి రా?" అన్నాడు ఓబులేసు మెల్లగా.

"నీ సంచి నా ఒళ్ళో ఉండె కదా సార్. సర్కారు సొత్తు. దాన్ని యాడ పారేసి పోయేది?"

అంతలో లోపలినుంచి పిలుపు వచ్చింది. ఆ రోజు జామీను అర్జీ విచారణ. కుర్ర వకీలు తనకు తోచింది చెప్పాడు. సర్కారు వకీలు లేచి, ముద్దాయికి స్థిరమైన ఊరు లేదు, ఇల్లు లేదు, పూచీ నిలబడేవాళ్ళు లేరు, వదిలితే మళ్ళీ కనబడడు అన్నాడు. మేజిస్ట్రేటు కలం తీసింది. గోడవార నిలబడ్డ ఓబులేసు చౌడప్ప వైపు చూశాడు. చౌడప్ప అతని ముఖంలో ఏం చూశాడో, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. నేను ఓబులేసు జేబులో ఉన్నాను. అతని గుండె నా మీదే కొట్టుకుంటోంది. నోరు మూసుకుంటే అతని ఉద్యోగానికి భయం లేదు, పరీక్షకు అడ్డు లేదు. చౌడప్ప మళ్ళీ సబ్ జైలుకు పోతాడు, అంతే కదా.

"అమ్మా, ఒక మాట చెప్పుకోవచ్చునా?" అన్నాడు ఓబులేసు.

చెప్పాడు. బస్సు తోయడం, తను కింద పడటం, చౌడప్ప ఒక్కడే రావడం, తనను కాపాడటానికి తన చేతికి తనే బేడీ వేసుకోవడం, ఏదీ దాచలేదు. సర్కారు వకీలు కూర్చున్నాడు.

మేజిస్ట్రేటు కలం కింద పెట్టింది. "మీరు చెప్పింది నేను రికార్డు చేయాలి. చేస్తే మీకేమవుతుందో తెలుసా?"

"తెలుసమ్మా. దానికీ ఒక రూలుండాది. అదీ చదివినా."

ఆమె మళ్ళీ కలం తీసుకుని రాయడం మొదలుపెట్టింది. పారిపోవడానికి దారి దొరికినా పారిపోకుండా తనంతట తాను కోర్టుకు వచ్చిన మనిషికి వేరే పూచీ అక్కర్లేదని, సొంత పూచీ మీద జామీను ఇచ్చింది. చౌడప్ప ఏడవలేదు. ఓబులేసు ఏడ్చాడు, టమోటా మరకల చొక్కాతో ముఖం తుడుచుకుని ఇంకాస్త ఎర్రగా అయ్యాడు.

ఇంట్లో సుంకమ్మ వినగానే నెత్తి బాదుకుంది. మనుషులు ఒకరిని ఎగదోస్తారు, వాళ్ళు నిజంగా పైకెక్కితే కింద నిలబడి భయపడతారు. "నోరు మూసుకోనుంటే ఇద్దరూ బాగుండేటోళ్ళు కదా. పిల్లోళ్ళ ముఖమన్నా చూడొద్దా నువ్వు?" అంది.

"వాడు నోరు మూసుకునింది నాకోసం," అన్నాడు ఓబులేసు. "నేను మూసుకునేది ఎవరికోసం?"

ఆ పూట ఆమె రొట్టెలు మామూలుకన్నా గట్టిగా చరిచింది. కానీ మెత్తగా కాలిన వాటిని ఏరి అతని కంచంలో వేసింది.

ఉద్యోగం పోలేదు. మేజిస్ట్రేటు రాసిన ఆజ్ఞలో అతని నిజాయితీ గురించి కూడా ఒక వాక్యం ఉందట, అది కాపాడింది. కానీ నిర్లక్ష్యానికి శిక్ష వేసి సర్వీసు పుస్తకంలో ఎక్కించారు. ఆ ఏడు పరీక్షకు కూర్చోనివ్వలేదు. మరుసటి ఏడు కూర్చున్నాడు. బేడీలు ఎప్పుడు వేయవచ్చో రాయమని ప్రశ్న రానే వచ్చింది. ఓబులేసు దానికి ఎంత రాశాడంటే, మిగతా ప్రశ్నలకు టైము చాలలేదు. మళ్ళీ పోయింది. చౌడప్ప మాత్రం టికెట్టు కొనుక్కుని ప్రతి వాయిదాకూ వచ్చాడు. చివరికి కేసు కొట్టేశారు.

ఓబులేసు హెడ్ కానిస్టేబులయింది పరీక్షతో కాదు, వయసుతో. జుట్టు నెరిశాక సీనియారిటీ లెక్కలో చొక్కా చేతికి హెడ్ చారలు వచ్చాయి. సర్వీసు చివరి రోజుల్లో కొత్త పోలీసులకు శిక్షణ ఇచ్చే చోటికి మార్చారు. నా తాళం అప్పటికి అరిగిపోయింది. పాఠానికి పనికొస్తానని నన్ను కూడా అడిగి తీసుకుపోయాడు. ఇప్పుడు నేనుండేది అక్కడే, అద్దాల బీరువాలో. కుర్రవాళ్ళు వచ్చి చూసిపోతుంటారు. ఎంతమందిని కట్టేశానో అడుగుతారు.

అతను రిటైరయిన రోజు సభ ఆ బీరువా ఉన్న హాల్లోనే పెట్టారు. దండ వేశారు. అధికారి సర్వీసు పుస్తకం తెరిచి, వచ్చిన మెప్పులూ, చేసిన బందోబస్తులూ చదివాడు. ఒక పేజీ దగ్గరికి వచ్చి, మర్యాద కోసం, చూడనట్టు దాటేశాడు. ముందు వరసలో దండతో కూర్చున్న ఓబులేసు మోకాలు పట్టుకుని లేచాడు.

"అది కూడా చదవండి సార్," అన్నాడు. "నేను పాసయిన పరీక్ష అదొక్కటే."

*

ఇది రాసినది సుంకమ్మ, కీర్తిశేషులు హెడ్ కానిస్టేబులు ఓబులేసు భార్య. వయసు అరవై ఎనిమిది. ఇప్పుడు ఉండేది ధర్మవరంలో, మగ్గాల వీధిలో చెల్లెలి ఇంటి మేడమీద.